బడి తోటకు వారానికొక పీరియడ్ కేటాయించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అనంతపురం జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో మొక్కలు నాటడం కొత్తేమీ కాదు. ఏటా వానాకాలం మొదట్లో గుంతలు తవ్వుతారు, మొక్కలు నాటుతారు, ఫొటోలు తీసుకుంటారు. చాలాచోట్ల మరుసటి ఏడు అవే గుంతల్లో మళ్లీ మొక్కలు నాటుతారు. నేను రాస్తున్నది ఆ నీడ చెట్ల గురించి కాదు. పిల్లలే విత్తి, పెంచి, కోసి, ఆ మధ్యాహ్నమే తమ కంచాల్లో చూసుకునే కూరగాయల తోట గురించి. దీన్ని తీరిక దొరికినప్పటి పనిగా వదిలేయకుండా టైంటేబుల్‌లో వారానికొక పీరియడ్‌గా చేర్చాలన్నది నా విన్నపం.

మన రాష్ట్రంలో వండి వడ్డించే మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. పాఠశాలల్లో పోషకాహార తోటల పెంపకానికి కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులు ఇప్పుడు ప్రాథమిక తరగతుల్లో కూర్చుని ఉన్నారు. పప్పులో నాలుగు రెమ్మల మునగాకు వేసినంత మాత్రాన రక్తహీనత పోతుందని నేను అనను. అయితే తాము నీరు పోసి పెంచిన తోటకూరను పిల్లలు ఏరి పక్కన పెట్టడం తక్కువని ఉపాధ్యాయులకు తెలుసు. ఆ కూరపై కాస్త నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుందన్న సంగతి కూడా పుస్తకంలో కంటే కంచం ముందు చెబితేనే గుర్తుంటుంది.

భోజనం కంటే చదువు విషయంలోనే తోట వల్ల ఎక్కువ లాభమని నా అభిప్రాయం. మడి కొలిస్తే చుట్టుకొలత, వైశాల్యం వస్తాయి. విత్తిన గింజల్లో ఎన్ని మొలిచాయో లెక్కిస్తే శాతాలు వస్తాయి. అలసంద మొక్కను వేళ్లతో సహా పెకలించి, వేరు బుడిపెలను చూపి, గాలిలోని నత్రజని నేలకు ఎలా చేరుతుందో చెబితే, వేరుశనగ రైతుల పిల్లలకు అది ఇంటి విషయమే అవుతుంది. గుమ్మడి తీగకు పూసిన పూలలో కొన్ని మాత్రమే ఎందుకు కాయలవుతున్నాయని ఒక పిల్ల అడిగితే చాలు, మగపూలు, ఆడపూలు, తేనెటీగలు అన్నీ ఆ ఒక్క ప్రశ్నతోనే పాఠంలోకి వస్తాయి. కరివేపాకు చెట్టు మీది పచ్చ పురుగు కొన్నాళ్లకు సీతాకోకచిలుకగా మారడం చూసిన పిల్లలకు రూపవిక్రియను బట్టీ పట్టించనక్కర లేదు. ఒకప్పుడు మన చేలల్లో వేరుశనగ సాళ్ల నడుమ కంది, అలసంద, అనుములు, జొన్న కూడా వేసేవారు. ఆ గింజలను పోల్చుకోలేని పిల్లలు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నారు. ఒక మడిని వాటికే కేటాయించవచ్చు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో తోటకు నీళ్లెక్కడివని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. నూరుమంది పిల్లలు భోజనానికి ముందూ తర్వాతా చేతులు కడుక్కోవడానికి తలా రెండు లీటర్లు వాడినా రోజుకు 200 లీటర్లు కాలువ పాలవుతున్నాయి. ఆ నీటిని ఇసుక, కంకర గుంత గుండా మళ్లిస్తే అరటి, బొప్పాయి పెరుగుతాయి. గోరుచిక్కుడు, గోంగూర, మునగ తక్కువ నీటితోనే బతుకుతాయి. వేరుశనగ పొట్టు పరిస్తే మడిలో తడి త్వరగా ఆరదు. మునగ, కరివేపాకు పక్కన మట్టికుండను మూతి వరకు పాతి నీరు నింపితే అది వేళ్లకు మెల్లగా ఊరుతుంది. తోటకూర, మెంతికూర నెల రోజుల్లోపే కోతకు వస్తాయి కనుక కూర మడులను జూన్ నుంచి మార్చి వరకే నడిపి, వేసవిలో ఖాళీగా వదిలేయడం మంచిది; ఎండాకాలంలోనూ పచ్చగా ఉంచాలన్న పంతం అక్కర లేదు.

"బడికి పంపింది మన్ను తవ్వడానికా?" అని తల్లిదండ్రులు కొందరు అంటారు. పొలం పని తమతోనే పోవాలని కోరుకునే వారి మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే తోటపనిని ఏ పిల్లవాడికీ శిక్షగా వేయరాదు, చదువులో వెనుకబడినవారికో, ఒక వర్గం పిల్లలకో అప్పగించరాదు. గుంతలు తవ్వడం వంటి బరువు పనులు పెద్దలే చేయాలి. అందరికీ వంతులు ఉండాలి, ఉపాధ్యాయులతో సహా.

బడులు తెరిచేలోగా జిల్లా విద్యాశాఖ అధికారులు స్థలం, ప్రహరీ ఉన్న పాఠశాలలను గుర్తించి, విత్తనాలు, సలహాల కోసం రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంతో మాట్లాడాలి. సెలవుల్లో కుండలు నింపే బాధ్యతను పాఠశాల యాజమాన్య కమిటీ ఒక ఇంటికి అప్పగించి, ఆ శ్రమకు కొంత పైకం చెల్లించాలి. దీన్ని ఉచిత సేవగా వదిలేస్తే మే నెల దాటే మొక్క ఉండదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా