శీనూ, మా ఊరి వేడి గొడవ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరాలకి జవాబు రాయలేదు, తిట్టుకో. పాపకి జలుబు, మా ఆవిడకి కొత్త ఉద్యోగం, నా జుట్టు సంగతి అడక్కు. వార్తలు అయిపోయాయి. అసలు విషయం విను.

మా పల్లెకి గ్యాస్ లైను లేదురా. ప్రతి ఇంటి వెనకా ఓ ట్యాంకు, అందులో కిరసనాయిలు. దాన్నే బాయిలర్‌లో కాల్చి ఇల్లు వెచ్చబెట్టుకుంటాం. ఇంగ్లండులో ఈ కేంబ్రిడ్జ్‌షైర్‌లోనే స్వాఫమ్ ప్రయర్ అని ఇంకో ఊరుంది, అదీ దాదాపు ఇంతే. అక్కడ ఊరివాళ్లే ట్రస్టు పెట్టుకుని, కౌంటీ కౌన్సిల్‌తో కలిసి, ఒకచోట పెద్ద హీట్ పంపులు (నేలలోంచో గాలిలోంచో వేడిని కరెంటుతో లాగే యంత్రాలు) బిగించి, భూమిలో గొట్టాలేసి ఇళ్లకి వేణ్ణీళ్లు తిప్పుతున్నారు. 2022లో మొదటి ఇల్లు కలిసింది. ఇంకేం, మావాళ్లకీ ఆశ పుట్టింది. "నువ్వు ఇంజనీరువి కదా, మనకి కుదురుతుందేమో ముందు చూసిపెట్టు" అని నా మీద పడ్డారు.

ఇల్లిల్లూ తిరిగాను. ఏడాదికి ఎన్ని లీటర్లు కాలుస్తారు? ఇదొక్కటే ప్రశ్న. లీటరుకి సుమారు 10 యూనిట్ల వేడి. 2000 లీటర్లంటే 20 వేలు, పాత బాయిలర్ పొగగొట్టానికి సమర్పించుకునేది తీసేస్తే ఓ 16, 17 వేలు. సగంమంది "ఏమో" అన్నారు. ఊరి చివర సందులో ఓ పెద్దావిడ మాత్రం బిల్లులన్నీ తేదీలవారీగా పేర్చి ముందుపెట్టి, టీ ఇచ్చి, "ఎప్పుడు తవ్వుతారు?" అంది.

ఇంటికొచ్చి లెక్క వేశా. కావలసిన వేడిని గొట్టం పొడవుతో భాగించాలి. మీటరుకి ఎంత వేడి అమ్ముడవుతుందన్నదే ప్రాణం. ఎందుకంటే డబ్బు పోయేది తవ్వడంలో, పైగా ఎవరు వాడినా వాడకపోయినా దారిపొడుగునా వేడి కారిపోతూనే ఉంటుంది. (హాస్టల్లో వేణ్ణీళ్లు మన మూడో అంతస్తుకి చేరేసరికి ఏమయ్యేవో గుర్తుందా! అడిగితే "గోరువెచ్చన ఆరోగ్యానికి మంచిదయ్యా!" అనేవాళ్లు.) బడి, వృద్ధాశ్రమం, వాటి చుట్టూ గోడగోడ ఆనుకున్న ఇళ్లు, అక్కడ లెక్క బ్రహ్మాండం. అదైనా అందరూ చేరితేనే, సగమే చేరితే... సరే, అది తర్వాత. ఆవిడ సందులో పొలాల మధ్య విసిరేసినట్టు నాలుగే ఇళ్లు. ఎటు తిప్పినా నష్టమే.

"విడిగా హీట్ పంపు పెట్టుకోండి" అని రిపోర్టులో ఒక్క వాక్యం రాస్తే చాలు. నిజానికి ఆవిడకి మేలు కూడా అదే. కానీ ఈ పథకంలో చేరతామన్నవాళ్లలో మొదటి సంతకం ఆవిడదిరా! డెన్మార్క్‌లో 1979లోనే చట్టం తెచ్చి, ఏ ప్రాంతానికి ఏ వేడో ప్రభుత్వమే గీత గీయించింది. ఇక్కడ గీత నేను గీయాలి, మళ్లీ అదే వీధిలో తిరగాలి.

శనివారం మీటింగు. కేకు ఆవిడే తెస్తోందట. ముందే ఇంటికెళ్లి చెప్పనా, లేక అందరిముందూ... అయ్యో, పాప బడి వదిలే టైమైంది. త్వరగా రాయి, నువ్వయితే

నీ,
బాచి