అయ్యా, మా పక్క చేలో పందులకు పట్టా ఎవరిచ్చారు?

రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి,

విశాఖ జిల్లా పద్మనాభం మండలం నుంచి ఒక రైతు నమస్కరించి రాసుకుంటున్నది. మా పంట మీద పడే అడవిపందుల గురించి అర్జీలు ఇచ్చాం, రసీదులు దాచుకున్నాం. సోమవారం అర్జీ ఇస్తే కొన్నాళ్లకు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఆ మెసేజ్ పందులకు కూడా పంపితే బాగుండేది.

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక మా వైపు ఎకరం అన్న మాట పోయి గజం అన్న మాట వచ్చింది. సిటీ నుంచి వచ్చి కొన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. మన రాష్ట్రంలో సాగు భూమి ఎవరైనా కొనుక్కోవచ్చు. అమ్మింది కూడా మావాళ్లే, పిల్ల పెళ్లికో అప్పు తీర్చడానికో. బాధంతా కొన్న తర్వాతే. ముళ్ల కంచె వేస్తారు, గేటుకి తాళం వేస్తారు, బోర్డు పెడతారు, రేటు పెరిగేదాకా అటు చూడరు. పోనీ కౌలుకైనా ఇవ్వరు. కౌలు కార్డు కోసం సంతకం పెడితే భూమి పోతుందేమోనని వాళ్ల టెన్షన్. నిరుడు వరకు వేరుశనగ పండిన చేలో ఇప్పుడు సర్కారు తుమ్మ, తుప్పలు మనిషెత్తు లేచాయి.

పూర్వం అడవిపంది రాత్రి కొండ దిగి తెల్లవారేసరికి వెళ్లిపోయేది. ఇప్పుడు దానికి కొండ ఎక్కే పని లేదు. ఆ తుప్పల్లోనే కాపురం, అక్కడే పిల్లలు. కంచె ఆవుని ఆపుతుంది, మమ్మల్ని ఆపుతుంది. పంది మాత్రం కింది తీగ దగ్గర మట్టి తోడుకుని దూరిపోతుంది. ఆ గుంట పైన ముళ్లకి దాని నల్లటి బిరుసు వెంట్రుకలు ఇప్పటికీ పట్టుకుని ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

మొక్కజొన్న కంకి పాలు పట్టిందంటే మాకు నిద్ర ఉండదు. పంది కడుపు నిండా తిని పోతే కొంత సరిపెట్టుకుందుము. ఒక్కో మొక్కని పడదోసి, కంకి సగం కొరికి, ఇంకోదాని మీద పడుతుంది. తెల్లారి చూస్తే నిలబడ్డ మొక్కలకంటే పడుకున్నవే ఎక్కువ. వేరుశనగైతే మళ్లీ దుక్కి దున్నినట్టే ఉంటుంది. మంచె మీద కాపలా కాశాం, రేకు డబ్బాలు కొట్టాం, టపాకాయలు కాల్చాం. మా ఆడవాళ్ల పాత చీరలన్నీ గట్ల మీదే ఉన్నాయి, ఇంక కొత్తవి కట్టాలి. నష్టపరిహారానికి ఫొటోలు, అడంగల్ పట్టుకుని తిరిగాం. చేను చూడటానికి సిబ్బంది వచ్చేసరికి మిగిలిన నాలుగు కంకులు కూడా కోసేశాం. నష్టమేదీ కనబడలేదని రాసుకుని పోయారు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను, మళ్లీ అక్కడికే వెళ్లాలి కదా!

ఇంకో సంగతి ఉంది సార్, అసలు కడుపు మండేది అక్కడ. బ్రోకర్లు భూమి చూపించేటప్పుడే చెబుతున్నారు: 'కొండ పక్క బిట్టు సార్, పెట్టుబడికి పెట్టుబడి, శనివారం వస్తే షికారుకి షికారు.' వస్తున్నారు కూడా. రాత్రి కార్లు, సర్చిలైట్లు, తుపాకీ చప్పుడు, తెల్లారితే గట్టు మీద కుందేలు బొచ్చు, ఖాళీ సీసాలు. 1972 వన్యప్రాణి చట్టం ఆ గేటు దగ్గరే ఆగిపోతోందా? కుందేలుని కొట్టినా మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉందంటారు. మా ఊరి కుర్రాడు ఉచ్చు పెట్టాడని కేసు పెట్టారు. పెట్టడం తప్పనను. ఉచ్చులు, కరెంటు తీగలు పెడితే మనుషులే పోతున్నారు. కానీ పంట కాపాడుకోబోయినవాడికి కేసు, సరదాకి కాల్చినవాడికి దండమా?

చట్టంలో దారి లేదని మాత్రం మాకు చెప్పకండి. పంది ఇప్పుడు ఆ వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూలులో, అంటే వేటాడకూడని జంతువుల జాబితాలో ఉంది, నిజమే. పొలంలో నిలిచిన పంటకి ప్రమాదం ఉంటే దాన్ని వేటాడటానికి అనుమతి ఇవ్వొచ్చని అదే చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది. రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణం రాసి ఇవ్వొచ్చు. కేరళలో 2022లో ఆ అధికారం పంచాయతీ అధ్యక్షులకే అప్పగించారు. ఆయుధాల చట్టంలో పంట కాపలాకని గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు మాటా ఉంది. మా చేతికి తుపాకీ ఇమ్మని నేను అడగడం లేదు, అదో తలనొప్పి. లైసెన్సున్న మనిషిని మీరే పంపండి, మీ సిబ్బంది ఎదుటే కాల్చమనండి. లేదా పట్టుకుపోయి కొండల్లో వదలండి. ఏదో ఒకటి చేయండి బాబూ.

బీడు పెట్టినవాళ్లకి నోటీసిచ్చి ఆ తుప్పలు కొట్టించండి. అది రెవెన్యూ వాళ్ల పని అంటారు, రెవెన్యూ వాళ్లు మీ పని అంటారు. మంత్రులు మీరూ మీరూ ఒక్క ఫోన్‌లో తేల్చుకోగలరు, మేం ఆ రెండు ఆఫీసుల మధ్య ఆటోలకే డబ్బు తగలేస్తున్నాం. శనివారం రాత్రి ఒక్క జీపు మా వైపు తిప్పించండి. పరిహారం సంగతి చూడండి. ఆ తుప్పల సంగతి ముందు చూడండి.

ఈ రబీకి కూడా మొక్కజొన్నే వేస్తున్నాం, వేరే దారి లేదు. వేయొద్దంటారా, ఆ మాటే కాగితం మీద రాసి ఇప్పించండి. మా బిట్టు కూడా షికారు సార్లకే అమ్ముకుంటాం.

ఇట్లు,
పద్మనాభం మండల రైతు