మెరుపును మబ్బు పక్కకు వెళ్లి కొలవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఉరవకొండలో ముప్పయ్యేళ్లుగా రేడియోలు, మైక్‌సెట్లు బాగుచేస్తున్నాను. వేసవి సాయంత్రాల్లో మీడియం వేవ్ పెట్టి ఉంటే పాట మధ్యలో 'చర్ర్' మంటుంది. బయటికొచ్చి చూస్తే మబ్బు తునక కూడా ఉండదు. ఎక్కడో మెరిసిన మెరుపు పంపిన తరంగం అది. ఉరుము వినపడనంత దూరం నుంచి వచ్చేస్తుంది.

పోయిన మేలో మా చిన్నాన్న కొడుకు గొర్రెలు తొమ్మిది చింతచెట్టు కింద పిడుగుకు పోయాయి. వాడు కుంటకు నీళ్లకెళ్లి ఉండబట్టి దక్కాడు. హెచ్చరిక మెసేజ్ వచ్చింది, గొర్రెలు పడ్డాక. ఇప్పుడు మంద తోలే ముందు నాకు ఫోన్ చేసి, "అన్నా, రేడియో ఏమంటోంది?" అంటాడు. మెరుపులున్నాయని చెప్పగలను గానీ, ఏ మబ్బులోనో ఎలా చెప్పను?

దూరం నుంచి వినడం వేరు, దగ్గరికెళ్లి కొలవడం వేరు. నాసా వాళ్లు 1980 నుంచి 1986 దాకా ఎఫ్-106బి విమానాన్ని ఉరుముల మబ్బుల్లోకే తోలారు. దానికి 714 సార్లు పిడుగు తగిలింది. విమానం ఒంటిమీది సెన్సార్లతో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు కొలిచారు. ఆ పిడుగుల్లో ఎక్కువ భాగం విమానమే రప్పించుకున్నవని అప్పుడు తేలింది. 2023లో నాసాదే ఈఆర్-2 అనే విమానం మబ్బులోకి దూరకుండా, 20 కిలోమీటర్ల ఎత్తున పైనుంచే కొలిచింది.

మబ్బు విద్యుత్ క్షేత్రాన్ని కొలవడానికి వాడే ఫీల్డ్ మిల్ నాలాంటి మెకానిక్‌కు ముచ్చటేసే సామాను. తిరిగే రేకు ఒకటి కింది పలకను మూస్తూ తెరుస్తూ ఉంటుంది. తెరిచినప్పుడల్లా మబ్బు క్షేత్రానికి పలక మీద చార్జి చేరుతుంది, మూసినప్పుడు పోతుంది. ఆ రాకపోకల కరెంటే కొలత. విమానానికీ సొంత చార్జి పడుతుంది కాబట్టి ఒక్క మిల్ చాలదు. పైనా కిందా పక్కలా పెట్టి, అన్నీ కలిపి లెక్క తీయాలి.

పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం 2009లో మొదలుపెట్టి, కైపెక్స్ పేరుతో విడతలవారీగా విమానాల్లో వెళ్లి మేఘాలను పరిశీలించింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా సీమ మీద లేచే మబ్బుల పక్కన కూడా ఈ కొలతలు తీయించాలని నా విన్నపం. చాలాసార్లు మెరుపు ముందు మబ్బు లోపలే పుడుతుంది, నేలకు పిడుగు ఆ తర్వాత కొన్ని నిమిషాలకు దిగుతుంది. ఆ కొన్ని నిమిషాలు చాలు, చెట్టు కింద నుంచి లేచి రావడానికి. విమానంలో తీసిన కొలత ఉంటే, నేలమీది మెరుపు సెన్సార్లు చెప్పేది ఎంతవరకు నిజమో సరిచూసుకోవచ్చు. విమానం దిగడానికి కడపలో, ఓర్వకల్లులో రన్‌వేలు ఉండనే ఉన్నాయి.

— ఒక రేడియో మెకానిక్, ఉరవకొండ, అనంతపురం జిల్లా