ఎంత దూరంలో నిలబడాలి

చిట్టితల్లీ,

కొత్తగా చేరినవాళ్ల పని ఇకమీదట నీ సూపర్‌విజన్‌లో ఉంటుందని మొన్న ఫోన్‌లో చెప్పావు. వాళ్ల వెనక నిలబడి చూస్తుంటే పోలీసు డ్యూటీ చేస్తున్నట్టుందనీ అన్నావు. చూడకపోతే తప్పులు దొర్లుతాయని ఒక టెన్షన్, చూస్తే ఏమనుకుంటారోనని ఇంకో టెన్షన్. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

నీ ఇబ్బందంతా పర్యవేక్షణను నిఘా అనుకోవడం వల్ల వచ్చిందని నాకనిపిస్తోంది. నిఘా పెట్టేది అనుమానం ఉన్నచోట, అదీ అవతలివాళ్లకు తెలియకుండా. తనిఖీకి వచ్చినవాళ్లు చూసి, రాసుకుని వెళ్లిపోతారు. పర్యవేక్షించే మనిషి మాత్రం పని పూర్తయ్యేదాకా ఉంటాడు, అది చెడిపోతే జవాబు కూడా చెప్పుకుంటాడు. అందుకే ఎవరైనా డాక్టర్ల పర్యవేక్షణలో ఉన్నారని వింటే మన మనసు కుదుటపడుతుంది.

క్షయ చికిత్స సంగతే చూడు. మామూలు క్షయకు చాలాకాలంగా ఇస్తున్న చికిత్స ఆరు నెలలు. కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గి, ఇక నయమైపోయిందనిపించి చాలామంది మందులు మానేస్తారు. లోపల మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. అందుకే 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘డాట్స్’ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అందులో ఆరోగ్య కార్యకర్తో, శిక్షణ పొందిన మరొకరో ఎదురుగా ఉండి మాత్ర మింగించాలి. రోగి అబద్ధాలకోరని కాదమ్మా, అంత సుదీర్ఘమైన చికిత్సలో ఎవరికైనా పట్టు సడలుతుంది. ఎదురుగా ఉన్న మనిషి మంచివాడైతే, మాత్ర వల్ల వాంతులవుతున్నాయా, కళ్లు పచ్చబడ్డాయా అని కూడా గమనిస్తాడు.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న, ఎంత దగ్గరగా చూడాలన్నది. దీన్ని బాగా ఆలోచించినవాళ్లు వైద్యవిద్యలో ఉన్నారు. అమెరికాలో రెసిడెంట్ డాక్టర్ల శిక్షణకు ప్రమాణాలు పెట్టే సంస్థ, పర్యవేక్షణను మూడు స్థాయిలుగా విడదీసింది. మొదటి దాంట్లో సీనియర్ పక్కనే ఉండి చూస్తాడు. రెండో దాంట్లో పక్కన ఉండడు, పిలిస్తే వెంటనే అందుబాటులోకి వస్తాడు. మూడో దాంట్లో పని అయ్యాక చూసి, బాగోగులు చెబుతాడు. నేర్చుకునేవాడి చెయ్యి తిరిగేకొద్దీ సీనియర్ వెనక్కి జరుగుతాడు. నాకిది ఎంతో న్యాయంగా అనిపిస్తుంది. ఎందుకంటే దూరాన్ని నిర్ణయించేది సీనియర్ హోదా కాదు, నేర్చుకునేవాడి నేర్పూ, ఆ పనిలో ఉన్న ప్రమాదమూ. నీళ్ల దగ్గర పసిపిల్లలుంటే ఎంత నమ్మకమున్నా చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. మునిగిపోయేవాళ్లు చాలాసార్లు కేక కూడా వేయలేరు. తప్పు జరిగితే వెనక్కి తీసుకోలేని పని నీ దగ్గర ఏదైనా ఉంటే, దానికీ అదే లెక్క. మిగతావాటిలో కాస్త దూరం జరుగు. చిన్న చిన్న తప్పులు వాళ్లనే చేయనీ, వాళ్లనే దిద్దుకోనీ.

ఇంకొక్కటి. షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా కార్మికుల పనితీరు మీద పరిశోధనలు జరిగాయి. వెలుతురు పెంచుతూ తగ్గిస్తూ పని ఎలా మారుతుందో చూసిన ప్రయోగాల గురించే అందరూ చెబుతారు, వాటి లెక్కల మీద తర్వాత సందేహాలూ వచ్చాయి. నాకు నచ్చింది అక్కడి ఇంటర్వ్యూలు. 20 వేలమందికి పైగా కార్మికులతో మాట్లాడారు. మొదట్లో ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగేవారు. కార్మికులు మాత్రం తమ మనసులో ఉన్న వేరే సంగతులు చెప్పబోయేవారు. చివరికి ఆ ప్రశ్నలు పక్కనపెట్టి, వాళ్లు చెప్పేది వినడం మొదలుపెట్టారు. నువ్వూ రోజూ కాసేపు అలా విను. “ఎంతవరకొచ్చింది?” అని అడిగితే “అయిపోతోంది” అంటారు. “ఎక్కడ ఆగింది?” అని అడిగి చూడు.

ఎవరి పని ఎంత దగ్గరగా చూస్తావో, ఎప్పటిదాకా చూస్తావో సోమవారమే వాళ్లకు చెప్పెయ్యి. ముందే తెలిస్తే వెనక నిలబడ్డావన్న బాధ వాళ్లకూ ఉండదు. నీ పనిని చూసేవాళ్లను కూడా ఇదే అడుగు, ఏ విషయం నువ్వే తేల్చుకోవచ్చో, ఏది వాళ్లకు చెప్పి చేయాలో. వాళ్లేమన్నారో నాకు రాయి.

ప్రేమతో,
నాన్న