సీట్లు పెరిగాయి, ల్యాబ్‌లో పక్కన కూర్చుని చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఏ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) సీటుకు ఎంత ర్యాంకు కావాలి, ఎవరికి ఎంత ప్యాకేజీ వచ్చింది అన్న చర్చే అంతటా. సీటు వచ్చాక ఆ పిల్లలకు చెప్పేదెవరు, ఎలా చెబుతున్నారు అన్నది మాత్రం ఎవరూ అడగరు. గోదావరి జిల్లాల్లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చాలా ఏళ్లుగా సి ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ చెబుతున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫస్టియర్ ల్యాబ్‌లో సెక్షన్‌కు అరవై మందికి పైనే ఉంటారు. టైంటేబుల్లో ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల పేర్లుంటాయి, చాలాసార్లు ల్యాబ్‌లో ఉండేది ఒక్కరే. ఒక కుర్రాడు చెయ్యెత్తుతాడు. "మేడమ్, రన్ అవుతోంది గానీ నంబరు కొట్టగానే ఆగిపోతోంది." వెళ్లి చూస్తే స్క్రీన్ మీద సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తనది కాని మెమరీని ముట్టుకోబోయి ప్రోగ్రాము ఆగిపోయింది. కీబోర్డు మీద కొట్టిన విలువను తీసుకునే స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు యాంపర్‌సాండ్ (& గుర్తు) పెట్టలేదు. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వార్నింగ్ ఇచ్చింది, ఎర్రర్ కాదు కదా అని వదిలేశాడు. ఆ గుర్తు పెట్టేసి పక్క సిస్టమ్‌కు వెళ్లడం క్షణాల పని. కానీ స్కాన్ఎఫ్‌కు కావలసింది వేరియబుల్లో ఉన్న విలువ కాదు, కొత్త విలువను ఎక్కడ పెట్టాలో చెప్పే అడ్రస్. అది వాడికి ఎక్కాలంటే కాగితం మీద ఒక గడి గీసి, దానికో నంబరు వేసి, గుర్తు లేనప్పుడు లోపలున్న పాత విలువనే అడ్రస్ అనుకుని ప్రోగ్రాము ఎక్కడికి పోతుందో వాడి చేతే చెప్పించాలి. దానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట దొరికిన పిల్లలకు తర్వాత అడ్రస్‌లు దాచుకునే పాయింటర్లన్నా, ఒక్కో గడిలో (నోడ్‌లో) తర్వాతి గడి అడ్రస్ పెట్టి గొలుసులా కలిపే లింక్డ్ లిస్టులన్నా భయముండదు. దొరకని వాళ్లు ప్రోగ్రాములు బట్టీ పడతారు. లింక్డ్ లిస్టు ప్రోగ్రాము మొత్తం ఒక్క తప్పు లేకుండా టైప్ చేసిన అమ్మాయి, "మధ్యలో ఒక నోడ్ తీసెయ్యమ్మా" అని ఎగ్జామినర్ అడిగితే కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. ఆ పిల్లకు తెలివి తక్కువ కాదు. పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేకపోయారు.

ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే తప్పు దిద్దిన ప్రోగ్రాము వెంటనే వచ్చేస్తుంది. అందుకే మనిషి పక్కనుండి "ఇది ఎందుకు ఆగిందనుకుంటున్నావు?" అని అడగడం మరింత అవసరమైంది.

కానీ నడుస్తున్నది వేరు. 2018-19లో, దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అధ్యాపక-విద్యార్థి నిష్పత్తిని 1:15 నుంచి 1:20కి సడలించింది. 2024-25 నుంచి మెరుగైన కాలేజీలకు సీట్ల గరిష్ఠ పరిమితి కూడా తీసేసింది. సీఎస్ఈ సెక్షన్లు పెరిగినంత వేగంగా ఆ సబ్జెక్టు చెప్పగలవాళ్లు రారు. ఉన్నవాళ్లకు రికార్డులు దిద్దడంతోనే సరిపోతోంది. కుడి పేజీలో ప్రోగ్రాము, ఎడమ తెల్ల పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్, అదీ చాలామంది పక్కవాళ్ల రికార్డు చూసి రాసిందే. దీని బదులు ఈ వారం ఏ ఎర్రర్ వచ్చింది, ఎలా పట్టుకున్నావు అన్నది సొంత మాటల్లో, తెలుగులోనైనా సరే, రాయించి మార్కులు వేయమని యూనివర్సిటీలను కోరుతున్నాను.

మెంటారింగ్ సంగతి కూడా అంతే. ఫస్టియర్ పిల్లలకు మూడు వారాల ఇండక్షన్, ఇరవై మందికి ఒక మెంటార్ అని ఏఐసీటీఈ చెప్పింది చాలా మంచి ఆలోచన. ఊరి నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చి, మొదటి నెలలో ఇంగ్లిష్ పాఠం అర్థంకాక టెన్షన్ పడే పిల్లకు ఒక పెద్ద దిక్కు ఉండాలి. నాకు తెలిసిన చోట మెంటార్ పనంటే ఆబ్సెంట్ అయిన పిల్లల ఇళ్లకు ఫోన్లు చేయడం, కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చే ముందు ఫైల్లో ఏడాది సంతకాలన్నీ ఒక్కరోజే పెట్టించడం. వారానికి రెండు గంటలు మెంటారింగ్‌కని టైంటేబుల్లో వేసి, దాన్ని వర్క్‌లోడ్‌లో లెక్కగడితేనే అది జరుగుతుంది.

డబ్బు ఖర్చు లేని పని ఇంకొకటుంది. ఐఐటీల్లో ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు టీచింగ్ అసిస్టెంట్లుగా ల్యాబుల్లో ఉంటారు. మా దగ్గర అంతమంది లేరు గానీ థర్డియర్ పిల్లలున్నారు. పోయిన సెమిస్టర్లో ఆసక్తి ఉన్న కొందరిని ఫస్టియర్ ల్యాబ్‌లో కూర్చోబెట్టాను. నన్ను అడగడానికి మొహమాటపడే పిల్లలు "అక్కా, ఈ లూప్ ఆగట్లేదు, చూడవా" అని ధైర్యంగా పిలిచారు. చెప్పిన సీనియర్లకూ సబ్జెక్టు గట్టిపడింది. ఈ పనికి ఒక క్రెడిట్ ఇస్తే చాలామంది ముందుకొస్తారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బ్రోషర్ చూసి వచ్చేయకండి. కాలేజీ నడిచే రోజు మధ్యాహ్నం ఫస్టియర్ ల్యాబ్ చూపించమని అడగండి. ఎన్ని సిస్టమ్స్ పనిచేస్తున్నాయి, ఎంతమంది పిల్లలకు ఎంతమంది చెబుతున్నారు, ల్యాబ్ అసిస్టెంట్ ఉన్నాడా లేడా అన్నది లెక్కపెట్టి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

– ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు,
కాకినాడ