బతికుండి ఈడ్చే మెషిన్లు

ఒరేయ్ శీనూ,

ఉత్తరం అందింది. నిన్ను షెడ్యూలర్ (ఏ పని ఏ మెషిన్‌కివ్వాలో తేల్చే సాఫ్ట్‌వేర్) టీమ్‌లో వేశారని చదివి భలే సంతోషమేసింది. పని మధ్యలో మెషిన్లు చచ్చిపోతే ఎలాగని అడిగావు. చచ్చినవాటి గురించి పెద్దగా బెంగపడకురా. బతికే ఉండి ఈడుస్తూ పనిచేసేవే కొంప ముంచుతాయి.

2004లో గూగుల్ నుంచి జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ మ్యాప్‌రెడ్యూస్ (పెద్ద పనిని ముక్కలు చేసి చాలా మెషిన్లకు పంచే పద్ధతి) మీద రాసిన పేపర్ తీసి చూడు. దాదాపు 1,800 మెషిన్ల మీద ఒక టెరాబైట్ డేటా సార్ట్ చేయిస్తే 891 సెకన్లు పట్టింది. పని నడుస్తుండగా 1,746 వర్కర్లలో 200 ప్రాసెస్‌లను కావాలనే చంపేశారు. అయినా 933 సెకన్లకు ముగిసింది, 5 శాతమే ఆలస్యం! అదే, వెనకబడిన టాస్కులకు (పని ముక్కలకు) ఇంకో మెషిన్ మీద రెండో కాపీ వేసే ఏర్పాటు తీసేస్తే 1,283 సెకన్లయింది. ఏకంగా 44 శాతం ఎక్కువ. 960 సెకన్లకి ఐదు టాస్కులే మిగిలాయి, వాటి కోసమే ఇంకో 300 సెకన్లు. పెళ్లిభోజనాల్లో ఒకాయన ఇంకా పెరుగన్నం కలుపుకుంటుంటే బంతి లేవదు చూడు, అలాగన్నమాట. డిస్కు చెడిపోతూ ఉంటే సెకనుకు 30 ఎంబీ చదవాల్సింది 1 ఎంబీకి పడిపోవచ్చని వాళ్లే రాశారు. అలాంటి మెషిన్ పలకరిస్తే బాగానే పలుకుతుంది, అదే ప్రమాదం.

మరి రెండో కాపీ దేనికి వేయాలి? మ్యాప్‌రెడ్యూస్ పద్ధతిలోనే నడిచే అప్పటి హడూప్ సాఫ్ట్‌వేర్, మెషిన్లన్నీ ఒకే వేగమనుకుని, సగటు కన్నా బాగా వెనకబడ్డవాటికి వేసేసేది. 2008లో బర్కిలీలో మాటెయి జహారియా బృందం ఈ లెక్క మార్చింది. ఇప్పటిదాకా ఎంత అయిందని కాకుండా, ఎప్పటికి అవుతుందో అంచనా కట్టి, అన్నిటికన్నా ఆఖరున ముగిసేదానికే కాపీ వేయాలి. అదీ వేగమైన మెషిన్ మీదే, ఒకేసారి ఇన్నే అని హద్దు పెట్టుకుని. 200 వర్చువల్ మెషిన్ల మీద జాబులు రెండింతలు త్వరగా ముగిశాయి. నాకు ఎంతో ఇష్టమైన పేపర్ ఇది.

ఇక ప్రోటోకాల్, అంటే మెషిన్లు తమలో తాము పాటించే నియమాల సంగతి. లాక్, అంటే డేటా మీద ఒక్కటే రాయొచ్చనే హక్కు, పట్టుకున్న మెషిన్ కాసేపు స్తంభించిందనుకో. గడువు దాటిందని లాక్ ఇంకోదానికిచ్చారు. పాతది మేలుకుని, లాక్ ఇంకా తనదేననుకుని డేటా మీద రాసేస్తుంది. లాక్ ఇచ్చిన ప్రతిసారీ పెరిగే నంబరొకటి ఇచ్చి, పాత నంబరుతో వచ్చిన రైట్‌ను స్టోరేజే తిప్పికొట్టాలి. అది నిజంగా తిప్పికొడుతోందా అన్నది చేత్తో రాసుకున్న నాలుగు టెస్టులతో తేలదు. అమెజాన్ వాళ్లు తమ డేటాబేస్ డైనమోడీబీ డిజైన్‌ను టీఎల్ఏ ప్లస్ అనే గణిత భాషలో రాసి, సాధ్యమైన దారులన్నీ వెతికే మోడల్ చెకర్‌కిస్తే, డేటా పోయే బగ్ బయటపడింది. అక్కడికి చేరే అతి దగ్గరి దారే 35 అడుగులు! డిజైన్ రివ్యూలు, కోడ్ రివ్యూలు, టెస్టులు అన్నీ దాటుకుని వచ్చిన బగ్ అది. మనిషి బుర్రకి అందేది కాదురా.

నడుస్తున్న సిస్టమ్‌కైతే కైల్ కింగ్స్‌బరీ రాసిన జెప్సెన్ అనే టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. నెట్‌వర్క్ తెంపుతుంది, ప్రాసెస్‌లను నిలిపేసి మళ్లీ వదులుతుంది, గడియారాలు జరుపుతుంది. క్లయింట్లు చేసిన ప్రతి రీడ్, రైట్ రాసిపెట్టుకుని, ఆ చరిత్ర అసలు సాధ్యమేనా అని చివర్లో తేలుస్తుంది.

మీ టెస్టుల్లో ప్రాసెస్‌ను చంపే కిల్ ఒక్కటే ఉంటే, చంపకుండా స్తంభింపజేసే సిగ్‌స్టాప్ సిగ్నల్ కూడా ఈ వారమే చేర్చు. టైమవుట్ (చచ్చిందనుకునే గడువు) కన్నా ఎక్కువసేపు ఆపి, అప్పుడు మళ్లీ నడిపించే సిగ్‌కాంట్‌తో లేపు. ఏం బయటపడిందో వెంటనే రాయి, నాకు ఆత్రంగా ఉంది. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రఘు