ఫిర్యాదు: సెంటర్‌కి రాని పాపకి హాజరు, చేయని పనికి మెసేజ్

విజయనగరం,
ఆగస్టు 28.

ప్లేస్కూల్ కంపెనీ హెడ్డాఫీసు, తల్లిదండ్రుల ఫిర్యాదులు చూసే అధికారి గారికి,

నమస్కారం.

మా పాపకి నాలుగేళ్లు. విజయనగరంలోని మీ సెంటర్‌లో ఇది రెండో ఏడాది. నేను గంటస్తంభం దగ్గర ఒక బట్టల షాపులో బిల్లింగ్ చూస్తాను. ఉదయం తొమ్మిదిన్నరకి కౌంటర్‌లో కూర్చుంటే రాత్రి ఎనిమిది దాకా కదలడానికి ఉండదు. పాపని పొద్దున్న మా ఆయన వ్యాన్ ఎక్కిస్తారు, సాయంత్రం మా అత్తయ్య గారు దించుకుంటారు. పగలంతా పాప ఏం చేస్తోందో నాకు తెలిసే దారి ఒక్కటే, మధ్యాహ్నం పన్నెండున్నరకి మీ యాప్‌లో వచ్చే ‘ఈరోజు మీ చిన్నారి’ మెసేజ్. బిల్లు కొట్టడం ఆపి మరీ చూసుకునేదాన్ని.

గత సోమవారం పాపకి జ్వరం. ఉదయం ఎనిమిదికే టీచర్‌కి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. నేనూ సెలవు పెట్టాను. మధ్యాహ్నం పాప తల నా ఒళ్లో ఉంది, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాను. సరిగ్గా పన్నెండున్నరకి ఫోన్ మోగింది. “ఈరోజు మీ చిన్నారి కుండీలో విత్తనాలు నాటింది. ఎంతో ఉత్సాహంగా పాల్గొంది. భోజనం పూర్తిగా తింది.” కింద ఫోటోలో మట్టిలో పెట్టిన రెండు చిన్న చేతులు. పైన ఆకుపచ్చ అక్షరాల్లో ‘హాజరు’. పాప ఆ పూట రెండు చెంచాల జావ కూడా మింగలేదు.

ఆ ఫోటో చూస్తూ నాకు ఏడుపొచ్చింది. ఎందుకో మీకు చెప్పాలి, నా ఫిర్యాదులో అసలు బాధ అదే.

జూలైలో ఒకరోజు పాప బంకమట్టితో ఏనుగు చేసిందని మెసేజ్ వచ్చింది. రాత్రి అన్నం కలిపి పెడుతూ, “ఏనుగుకి తొండం ఎంత పెట్టావమ్మా?” అని అడిగాను. “మట్టి లేదమ్మా” అంది. మరేం చేశారంటే “గీతలు” అంది. ఇంకో వారం పూసలు గుచ్చిందని వచ్చింది. అడిగితే మళ్లీ “గీతలు” అంది. మూడోసారి కూడా అదే మాట అనేసరికి, అబద్ధాలు నేర్చుకుంటోందని భయం వేసింది. గట్టిగా కోప్పడ్డాను. వీపు మీద ఒక దెబ్బ కూడా వేశాను. ఆ రోజు నుంచి బడి కబుర్లు అడిగితే, “ఫోన్‌లో చూసుకో” అని పక్కకి తిరిగి పడుకునేది. నాలుగేళ్ల పిల్ల నిజం చెప్పింది. మీ మెసేజ్ నమ్మి నేను దాన్ని కొట్టాను.

జ్వరం వచ్చిన రోజు రాత్రి పాత మెసేజ్‌లన్నీ మళ్లీ తీసి చూశాను. దాదాపు అన్నింటిలోనూ చేతులే ఉన్నాయి, లేకపోతే వెనక నుంచి తీసిన తలలు. వేసవి సెలవుల్లో మొక్కు ఉండి పాపకి సింహాచలంలో తలనీలాలు ఇచ్చాం. జూన్‌లో వచ్చిన ఫోటోలో ఉన్న పిల్లకి రెండు పిలకలు, ఎర్ర రిబ్బన్లు. అప్పుడు తరగతిలో ఇంకో పాప అయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ పిల్ల వెనక గోడకి ఏసీ కూడా ఉంది. మన సెంటర్‌లో ఉన్నవి సీలింగ్ ఫ్యాన్లే. శ్రీకాకుళంలో ఉన్న మా పిన్ని కూతురు తన బాబుని అక్కడి మీ సెంటర్‌లోనే వేసింది. దానికి ఫోన్ చేశాను. సోమవారం వాళ్ల బాబూ విత్తనాలు నాటాడట. అదే ఫోటో, అవే రెండు చేతులు, “నాటింది” బదులు “నాటాడు”.

బుధవారం షాపులో గంట పర్మిషన్ తీసుకుని సెంటర్‌కి వెళ్లాను. టీచర్ల మీద కోపంతోనే వెళ్లాను, ఆ కోపం అక్కడే పోయింది. నలభై ఆరుగురు పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఒక ఆయమ్మ. ఆయమ్మ ఒక బాబుని బాత్రూమ్‌కి తీసుకెళ్తే ఇంకో ఇద్దరు గుమ్మం దగ్గర ఏడుస్తున్నారు. నెల మొత్తానికి మెసేజ్‌లూ ఫోటోలూ మీ ఆఫీసు నుంచే ముందుగా యాప్‌లోకి వచ్చేస్తాయని, వేళకి వాటంతట అవే వెళ్లిపోతాయని తెలిసింది. రాని పిల్లల పేరు పక్కన పదింటిలోపు టిక్ తీసేయాలి, తీయకపోతే హాజరైనట్టే. ఆ పదింటిలోపే వ్యాన్లు దిగుతాయి, ఏడ్చేవాళ్లని ఎత్తుకోవాలి, డబ్బాలూ బాటిళ్లూ సర్దాలి. అంతమందిలో ఒక టిక్ మర్చిపోవడం టీచర్ తప్పని నేను అనను. రాని పిల్లని వచ్చినట్టు చూపించేలా యాప్ తయారు చేసిన వాళ్లది తప్పు.

ఇది ఎంత ప్రమాదమో ఒక్కసారి ఆలోచించండి. మా పాప జ్వరంతో నా ఒళ్లో ఉంది కాబట్టి సరిపోయింది. వ్యాన్ ఎక్కి సెంటర్‌లో దిగని పిల్ల అయితే? ఎండలో ఆపిన వ్యాన్ వెనక సీట్లో నిద్రపోయిన పిల్ల అయితే? పన్నెండున్నరకి ఆ తల్లికి ‘హాజరు’ అనీ, భోజనం పూర్తిగా తిందనీ మెసేజ్ వస్తుంది. ఆమె నిశ్చింతగా పని చేసుకుంటుంది. ఈ మాట తట్టిన దగ్గర నుంచి నాకు రాత్రుళ్లు నిద్ర లేదు.

ఇక పాప చెప్పిన గీతలు. తరగతిలో ప్రతి పిల్ల ముందూ ఒక వర్క్‌షీట్ ఉంది. స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్, ఒక్కోటి నాలుగు పేజీలు. మా పాప పెన్సిల్‌ని పిడికిట్లో బిగించి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని గీస్తోంది. గీత చుక్కలు దాటితే రబ్బరుతో చెరిపి మళ్లీ మొదటి నుంచి. కాగితం ఒకచోట చిరిగిపోయింది. పోయిన ఏడాది కింద ఉండే ఇసుక ట్రే ఇప్పుడు బీరువా మీద బోర్లించి ఉంది. లక్కపిడతల బుట్ట పక్కనే ఉంది, పైన దుమ్ము. ఆడించే తీరిక ఎక్కడుందండీ అని టీచర్ అన్నప్పుడు ఆమె కళ్లు నా వైపు లేవు.

పోయిన ఏడాది ఇలా లేదు. అందుకే మీ మీద నాకు ఇంత పట్టుదల. అప్పుడు యాప్ లేదు, పాప బ్యాగులో వంద పేజీల నోట్‌బుక్ ఉండేది. టీచర్ సాయంత్రం ఒకటి రెండు లైన్లు రాసి పంపేవారు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక పేజీలో ఇలా ఉంది: “చింతపిక్కలు పదకొండు దాకా లెక్కపెట్టింది. పన్నెండోది ముక్కులో పెట్టుకోబోతే తీసేశాను. ఇంట్లో కూడా చూసుకోండి.” ఇంకోటి: “ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం నా కొంగు పట్టుకుని తిరిగింది. ఇంట్లో ఏమైనా అయిందా?” నిజమే, ముందురోజు మా మావయ్య గారిని ఆసుపత్రిలో చేర్చాం. ఆ రెండు లైన్లు రాయాలంటే ఆ టీచర్ రోజంతా నా పిల్లని చూసి ఉండాలి.

మా ఊరి పైడితల్లమ్మ జాతరలో పొడవాటి మాను చివర పీట మీద పూజారి కూర్చుని ఊరేగుతారు, అదే సిరిమాను. దాని ముందు బెస్తవారి వల, తెల్ల ఏనుగు నడుస్తాయి. ఆ పండగ ముందు వారం పిల్లలు ఏం చేశారో కూడా ఆ నోట్‌బుక్‌లోనే ఉంది. సన్నని వెదురుకర్ర చివర అట్టముక్కతో పీట కట్టి సిరిమాను చేశారు. చిరిగిన దోమతెర తెచ్చి బెస్తవారి వల అన్నారు. తెల్ల దుప్పటి కప్పుకుని ఇద్దరు ఏనుగయ్యారు. పైడితల్లమ్మ గుడి దగ్గర నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుందని, వీళ్లు కూడా వరండాలో సరిగ్గా మూడు చుట్లు తిరిగారట. ఆ మంగళవారం నిజం సిరిమాను కదిలినప్పుడు మా పాప వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని “ఒకటి... రెండు...” అని లెక్కపెట్టింది. లెక్క ఎందుకో, దేనికో దానికి ఆ రోజు అర్థమైంది. ఏ వర్క్‌షీట్ అది నేర్పగలదు?

నేను ఇంటర్ దాకే చదివాను. అయినా 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుని పునాది దశ అందని, ఆ దశ కోసం 2022లో ఇచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటల ద్వారా, ఇంటి భాషలో నేర్పమందని తెలుసుకున్నాను. ఈ వయసు పిల్లలు ఎలా ఎదుగుతున్నారో పరీక్ష పెట్టి కాదు, వాళ్లని దగ్గరుండి గమనించి, వాళ్లు చేసిన వస్తువులు చూసి రాసుకోవాలని కూడా ఉంది. మీరు ఇచ్చిన పాంప్లెట్‌లో ఆ విధానం పేరు పెద్ద అక్షరాల్లో వేశారు. ఎవరూ చూడకుండా ముందే రాసి పెట్టిన మాట గమనించి రాసినది ఎలా అవుతుంది? మా వీధి అంగన్‌వాడీలో ఫీజు లేదు. అక్కడ పిల్లల బరువు తూచి, ఆ పిల్ల బరువే కార్డులో రాస్తారు. సాయంత్రం దాకా ఉంచుకునే చోటు కావాలని నేను మీ దగ్గర వేశాను. ఏడాదికి 38,000 రూపాయలు కడుతున్నాను, అందులో ఈ ఏడాది కొత్తగా యాప్ ఫీజు 2,500.

ముందు హాజరు సంగతి ఈ వారంలోనే సరిచేయండి. టీచర్ కళ్లారా చూసి నొక్కితేనే హాజరు పడాలి. నొక్కకపోతే గైర్హాజరు అని వెంటనే మాకు మెసేజ్ రావాలి. ఆఫీసులో తయారయ్యే ‘ఈరోజు మీ చిన్నారి’ని పూర్తిగా ఆపేయండి. దాని బదులు పాత నోట్‌బుక్ మళ్లీ మొదలుపెట్టండి. రోజూ అక్కర్లేదు, వారానికి రెండు లైన్లు చాలు, నా పిల్ల గురించి అయితే చాలు. ఇద్దరు టీచర్లతో అది కూడా కుదరదు కాబట్టి ఇంకొకరిని పెట్టండి. ఇసుక ట్రే కిందికి దించడానికి మాత్రం మీ ఆఫీసు అనుమతి కూడా అక్కర్లేదనుకుంటాను. యాప్ ఫీజు తిరిగి ఇవ్వండి, నాకొక్కదానికే కాదు, అందరికీ. జూన్ నుంచి మా పాప పేరు మీద ఉన్న మెసేజ్‌లన్నీ తీసేయండి. అది రేపు పెద్దయి చూసుకుంటే తన చిన్నతనం అదే అనుకోకూడదు.

ఈ ఉత్తరం చూపించి మన సెంటర్ టీచర్లని సంజాయిషీ అడగవద్దు. వాళ్లు నాకు నిజం చెప్పారు. వాళ్లలో ఎవరి ఉద్యోగానికైనా ఇబ్బంది వస్తే మేం తల్లిదండ్రులమంతా కలిసి మీ ఆఫీసుకే వస్తాం. ఇప్పటికి పంతొమ్మిది మంది తల్లులతో మాట్లాడాను, పాత మెసేజ్‌లు అందరూ దాచి ఉంచారు. సెప్టెంబర్ 15 లోపు సంతకంతో రాసిన జవాబు కావాలి. యాప్‌లో పంపే జవాబు నేను తీసుకోను.

పాపకి జ్వరం పూర్తిగా తగ్గింది. ఆ రోజు కొట్టినందుకు తప్పయిందమ్మా అని చెప్పాను. “మట్టి లేదని చెప్పా కదా” అంది. అవునమ్మా, చెప్పావు అన్నాను.

ఇట్లు,
విజయనగరం సెంటర్‌లో ఎల్‌కేజీ చదువుతున్న ఒక పాప తల్లి

జతపరిచినవి: జ్వరం రోజు మెసేజ్, శ్రీకాకుళం మెసేజ్ స్క్రీన్‌షాట్లు, పోయిన ఏడాది నోట్‌బుక్‌లోని ఆరు పేజీల జిరాక్స్, ఫీజు రసీదు.